మూడో స్తంభం దగ్గర షికారు పడవ

చీకటి పడ్డాక మూడో స్తంభం దగ్గర ఇంజను ఆపకూడదు. ఆ రేవులో ఎవర్ని అడిగినా ఈ మాట చెబుతారు. ఎందుకని అడిగితే మాత్రం వినపడనట్టు వల చిక్కులు తీసుకుంటూ కూర్చుంటారు.

ఆ సరస్సు మీద ఎప్పుడో వంతెన కట్టబోయారు. మూడు స్తంభాలు లేపాక పని ఆగిపోయింది. మొదటి రెండూ ఒడ్డుకి దగ్గరే. వాటికి పడవలు కడతారు, వాటి మీద బట్టలు ఆరేస్తారు. మూడోది మాత్రం దూరంగా, లోతులో, ఒంటరిగా నిలబడి ఉంటుంది. దాని మీద కొంగ కూడా వాలదంటారు. కొంగ సంగతి అబద్ధమైనా కావచ్చు. చప్పుడు సంగతి అబద్ధం కాదు.

అక్కడి వాళ్ళకి చేప పట్టడంలో ఒక పద్ధతి ఉంది. వల దించాక కర్రతో పడవ అంచు మీద కొడతారు — టక్, టక్, టక్. కాసేపు ఆగి మళ్ళీ మూడు. ఆ చప్పుడు నీళ్ళలోకి దిగి చేపల్ని బెదరగొడుతుంది. బెదిరిన చేప ఎటు పోవాలో తెలియక వలలో పడుతుంది.

మూడో స్తంభం దగ్గర కూడా రాత్రిళ్ళు అదే చప్పుడు. అవే మూడు దెబ్బలు.

కాకపోతే... పడవ కింది నుంచి.

"పైనుంచి మనం కొడితే కింద చేప బెదురుతుంది" అనేవాడు లాంతరు తాత. రేవులో దీపం పెట్టి, పడవల తాళ్ళు చూసుకునే ముసలాయన ఆయన. "మరి కింది నుంచి కొడుతున్నారంటే, అక్కడ చేప ఎవరు?"

ఆ వెంటనే ఇంకో మాట కలిపేవాడు. "వినబడితే వినండి. తిరిగి మాత్రం కొట్టకండి. కొట్టారా... బేరం కుదిరినట్టే."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఆ స్తంభం దగ్గరికి రాత్రిపూట వెళ్ళి ఇంజను ఆపినవాడు ఒకడున్నాడు. రేవులో అతన్ని షికారల్లుడు అంటారు.

అల్లుడంటే రేవుకే అల్లుడు. అక్కడి పిల్లని చేసుకున్నాడు. షికారు ఎందుకు తగిలిందంటే, అతను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సరస్సు అవతలి ఒడ్డున ఒక విడిదిలో షికారు పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. విడిది మూతపడింది. యజమాని సామాను సర్దుకుని పోతూ, షెడ్డులో మిగిలిపోయిన పాత పడవని చూపించి, "తీసుకుపో నాయనా, లేకపోతే ఎలకలు కాపురం పెడతాయి" అన్నాడు. చేతిలో ఇంకో పని లేదు. ఉన్నది ఈ పడవ. పెళ్ళాం చూస్తే వలలు అల్లడంలో చెయ్యి తిరిగిన మనిషి. సరే, చేపలు పడదాం అనుకున్నాడు.

అనుకోవడం తేలికే. ఆ పడవ చేపల కోసం పుట్టింది కాదు. తెల్లటి ఫైబరు ఒళ్ళు, పక్కన ఎర్ర చార, ముందు వంపు తిరిగిన అద్దం, కారుకున్నట్టు స్టీరింగు, మెత్తటి రెక్సిను సీట్లు, గ్లాసులు పెట్టుకోవడానికి గుండ్రటి గుంటలు. వల విసరబోతే అద్దం అడ్డం. వల లాగబోతే స్టీరింగు పట్టుకుని వదలదు. చేప చేతికొచ్చి సీటు మీద పడితే, అక్కణ్ణుంచి జారి మళ్ళీ నీళ్ళలోకే.

"అల్లుడు చేపల్ని అలా షికారు తిప్పి, ఇంటి దగ్గర దింపి వస్తున్నాడు" అని రేవంతా నవ్వేవారు.

ఆ పడవకి ఇంకో వింత ఉంది. దాని అడుగున, వెనక వైపు, బొటనవేలు పట్టేంత చిల్లి ఉంటుంది. చిల్లి పడింది కాదు, పెట్టింది. కాళ్ళ కింద పలక, పలక కింద బోలు. ఆ బోలులో చేరిన వాన నీళ్ళు ఒడ్డు మీద ఉన్నప్పుడు బయటికి పోవడానికి ఆ చిల్లి. నీళ్ళలోకి దించే ముందు దానికి రబ్బరు బిరడా బిగించాలి. జాలర్ల చెక్క పడవలకి ఇలాంటివేం ఉండవు. "చిల్లి పెట్టి అమ్మినవాడిది తెలివి, తెలిసి అందులో కూర్చున్నవాడిది ధైర్యం" అన్నాడొకడు.

రేవులో కట్టుకోవడానికి అల్లుడికి చోటు లేదు. అందుకని ప్రతి పొద్దునా పడవని రెండు చక్రాల బండి మీద ఒడ్డుకి లాక్కుని, బిరడా తీసి, జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. బిరడాని పడవ దగ్గరే వదిలితే ఎవరో ఒకరు పట్టుకుపోతారని భయం. ఇంట్లో గుమ్మం పక్కన మేకుకి తాళంచెవి, దాని పక్క మేకుకి బిరడా. సాయంత్రం అతను బయల్దేరేటప్పుడు పెళ్ళాం రెండూ తీసి చేతిలో పెట్టేది.

"చెవి."

"ఉంది."

"బిరడా."

"ఉంది."

ఈ రెండు మాటలూ అయితేగానీ అతను గడప దాటేవాడు కాదు. ఒక్క రోజు కూడా తప్పలేదు. తప్పిన రోజు సంగతే ఇది.

దానికి ముందు ఆవిడ తండ్రి గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆయన్ని కర్రాయన అనేవారు. పడవ అంచు మీద కర్ర కొట్టడంలో సరస్సు మొత్తానికి ఆయన్ని మించినవాడు లేడు. ఆ కర్ర మూరెడు ఉండేది, పట్టుకునే చోట బొటనవేలంత సన్నగా చెక్కి ఉండేది. కూతురికి పళ్ళొచ్చే రోజుల్లో ఆ సన్నటి చోటే దొరకబుచ్చుకుని కొరికింది. పైన రెండు, కింద రెండు, నాలుగు గుంటలు పడ్డాయి. కర్రాయన వాటిని చెరపలేదు. "మా పిల్ల సంతకం" అని అడిగినవాడికీ అడగనివాడికీ చూపించేవాడు.

అలాంటి తండ్రికి షికారు పడవలంటే ఒళ్ళు మంట. వాటి ఇంజన్లు చేపల్ని తరిమేస్తాయి, వలల్ని కోసేస్తాయి. "వాటిని నా చేత్తో ముట్టను, వాటి దగ్గర పనిచేసేవాడికి పిల్లనివ్వను" అన్నాడు. కూతురు పౌరుషంలో తండ్రికి తీసిపోలేదు. "నువ్వు లేకపోయినా నా పెళ్ళి జరుగుతుంది" అనేసింది.

ఆ రాత్రి కర్రాయన ఒంటరిగా పడవ వేసుకుని వెళ్ళాడు. పొద్దున్న చూస్తే పడవ మూడో స్తంభం దగ్గర నిలబడి ఉంది. వల సగం నీళ్ళలో, సగం పడవలో. ఆయన లేడు. కర్ర కూడా లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

అది జరిగి తొమ్మిదేళ్ళు. స్తంభం దగ్గర చప్పుడు మొదలైందీ అప్పట్నుంచే. ఆ తొమ్మిదేళ్ళలో ఆవిడ వలలు అల్లింది, వలలకి మాట్లు వేసింది, వలల మీదే బతికింది. కానీ సరస్సులో పాదం తడపలేదు. చప్పుడు గురించి ఎవరైనా మాట్లాడుతుంటే లేచి వెళ్ళిపోయేది. తన మాట పట్టుకునే తండ్రి మునిగాడని ఆవిడ నమ్మకం. చెప్పుకుంటే తీరే బాధ కాదది.

సరే, ఆ రోజు.

మూడు వారాలుగా అల్లుడి వలలో నాచు తప్ప ఏమీ పడలేదు. ఆవిడ మూడు నెలలు కూర్చుని అల్లిన కొత్త వల ఆ రోజే పూర్తయింది. అతను దాన్ని భుజాన వేసుకుని, ఎటో చూస్తూ అన్నాడు.

"ఇవాళ మూడో స్తంభం దగ్గర వేస్తాను. అక్కడ తొమ్మిదేళ్ళుగా ఎవరూ వల వెయ్యలేదు. చేపలు కుప్పలు పడి ఉంటాయి."

ఆవిడ చేతిలో పని ఆగింది. "అక్కడికి వద్దు."

"మరెక్కడికి? ఉన్న చోట్లన్నీ వాళ్ళవే. నాకు మిగిలింది అదొక్కటే."

"వద్దన్నానా."

అతనికీ కోపం వచ్చింది. మూడు వారాల నవ్వులు, మూడు వారాల నాచు అన్నీ కలిసి ఒక్క మాటలో బయటికొచ్చాయి. "బతికుండగా మీ నాన్న నన్ను మనిషిగా చూడలేదు. పోయాక కూడా నీళ్ళ మీద ఇంత చోటివ్వడా?"

ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చుంది. చెవీ లేదు, బిరడా లేదు, ఉందా అన్న మాటా లేదు. అతను గుమ్మం దగ్గర ఒక నిమిషం నిలబడ్డాడు. తర్వాత తనే మేకు మీది తాళంచెవి లాక్కుని విసవిసా వెళ్ళిపోయాడు. ఫోను నీళ్ళలో పడుతుందని ఎప్పటిలాగే ఇంట్లోనే వదిలేశాడు.

రేవు చేరి పడవ దించి ఇంజను తిప్పేసరికి మసక చీకటి. లాంతరు తాత దీపం తుడుస్తూ తల ఎత్తి చూశాడు. అల్లుడు ఆయనతో కూడా మాట్లాడలేదు. పడవ నీళ్ళు చిమ్ముకుంటూ జోరుగా వెళ్ళిపోయింది.

మూడో స్తంభం దగ్గరకొచ్చేసరికి పూర్తిగా చీకటి పడింది. ఆ రాత్రి చంద్రుడు లేడు. స్తంభం ఆకాశం కంటే నల్లగా, ఎత్తుగా కనబడుతోంది.

అతను ఇంజను ఆపాడు.

ఇంజను ఆగాక వచ్చే నిశ్శబ్దం చిన్నది కాదు. నీళ్ళు స్తంభానికి తగిలి వెనక్కి జారుతున్న చప్పుడు... అతని ఊపిరి చప్పుడు... అంతే. కోపం ఎప్పుడు దిగిపోయిందో తెలియదు. దాని స్థానంలో మెల్లగా భయం వచ్చి కూర్చుంది.

వచ్చాక ఏం చేస్తాం అనుకుని వల దించాడు. బెండ్లు ఒకటొకటిగా నీళ్ళ మీద తేలుతూ చీకట్లో కలిసిపోయాయి. దించడానికే చాలాసేపు పట్టింది. అద్దం మీద నుంచి వంగి, సీట్ల మీద మోకాళ్ళు ఆనించి, ఒక్కడే చెయ్యాలి కదా.

వల కొస పడవకి కట్టి వెనక్కి తిరుగుతుంటే — కాళ్ళ దగ్గర ఏదో కదిలింది.

మంచినీళ్ళ సీసా. సీటు కింద నిలబెట్టి ఉన్నది దానంతటది పడి, మెల్లగా దొర్లుకుంటూ పడవ వెనక్కి పోయింది. అక్కడ మూలకి తగిలి ఆగింది.

గాలి లేదు, అల లేదు. పడవ వెనక భాగం మాత్రం కిందికి దిగి ఉంది. వెనక సీట్లో ఎవరో వచ్చి కూర్చున్నట్టు...

అతను సీటు వైపు చూశాడు. ఎవరూ లేరు. వల బరువు అయ్యుంటుందని తనకి తనే చెప్పుకున్నాడు. వల కట్టింది ముందు వైపు అన్న సంగతి గుర్తుకి రానివ్వలేదు.

గబగబా పని ముగించుకుని పోదామని స్పానరు తీసి, పడవ అంచు మీద కొట్టాడు. ఫైబరు కదా, కుండ మీద కొట్టినట్టు బోలుగా మోగింది.

బుంగ్. బుంగ్. బుంగ్.

ఆగాడు.

టక్... టక్... టక్.

స్తంభానికి తగిలి తిరిగొచ్చిన చప్పుడై ఉంటుంది. అయి ఉండాలి. అతను నోరు తడుపుకుని ఈసారి రెండే కొట్టాడు.

బుంగ్. బుంగ్.

టక్... టక్... టక్.

మూడు.

స్పానరు చేతిలోంచి జారి సీటు మీద పడింది. అతను కొట్టలేదు. కదల్లేదు. ఊపిరి కూడా సగంలో ఆపేశాడు.

టక్. టక్. టక్.

వెనక నుంచి... అడుగు నుంచి... సరిగ్గా సీసా ఆగిన మూల కింద నుంచి.

తిరిగి కొట్టారా, బేరం కుదిరినట్టే. తాత మాట అప్పుడు గుర్తొచ్చింది. కొట్టడమే కాదు, రెండుసార్లు కొట్టాడు. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

చప్పుడు ఆగలేదు. ఇప్పుడది చేపల్ని తోలే చప్పుడులా లేదు. తొందర ఎక్కువైంది. ఒకదాని మీద ఒకటి, గట్టిగా, ఇంకా గట్టిగా — టక్ టక్ టక్ టక్ — ప్రతి దెబ్బకీ పడవ అదిరి అతని అరికాళ్ళు జివ్వుమంటున్నాయి. చివరగా ఒక్క దెబ్బ. ఆ దెబ్బకి సీసా ఎగిరి పడింది.

తర్వాత... ఏమీ లేదు.

తాళంచెవి తిప్పబోయాడు. అప్పుడే వల గుంజింది. ఒక్కసారి కాదు, బెండ్లన్నీ మునిగేంతగా గుంజింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది అతని పని. వల కోసేసి పారిపోవచ్చు. కానీ అది ఆవిడ మూడు నెలలు వేళ్ళు కోసుకుని అల్లిన వల. ఇంటి నుంచి వచ్చేటప్పుడు అన్న మాటే చాలు, దాని మీద ఇది కూడానా అనుకున్నాడు. పళ్ళు బిగబట్టి లాగడం మొదలుపెట్టాడు.

చేపలు. మూరెడేసి చేపలు. సీట్ల మీద, స్టీరింగు మీద, గ్లాసు గుంటల్లో, ఎక్కడ పడితే అక్కడ. ఆఖరున ఒక వాలుగ వచ్చింది. మనిషి కాలంత పొడవు, పెద్ద తల, వేలాడే మీసాలు. రెండు చేతులా కౌగిలించుకుని వెనక సీటు మీద పడేశాడు. అది ఒక్కసారి ఒళ్ళు విదిల్చి రెక్సిను మీద నుంచి జారింది. బుడుంగుమని చప్పుడైంది. పోతే పోయిందిలే అనుకున్నాడు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు.

ఇంజను మొదటిసారి పలకలేదు. రెండోసారి దగ్గింది. మూడోసారి అందుకుంది.

పడవ కదిలింది గానీ జోరు అందుకోలేదు. వచ్చేటప్పుడు బాణంలా వచ్చిన పడవ ఇప్పుడు ఈడ్చుకుంటూ పోతోంది. వెనక నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు ఉంది.

సగం దూరం వచ్చాడు. రేవు దీపం చుక్కలా కనబడింది. అమ్మయ్య అనుకోబోయాడు.

దబ్.

కాళ్ళ కింద.

దబ్... దబ్.

ఇంజను పెంచాడు. దబ్. తగ్గించాడు. దబ్. స్తంభం ఎక్కడో వెనక ఉండిపోయింది, చప్పుడు మాత్రం అతనితోనే వస్తోంది.

అప్పుడతను చేసిన పని తర్వాత ఎవరికీ చెప్పలేదు. ఒక్క లాంతరు తాతకి చెప్పాడు, ఆయన ఊరుకుంటాడా, అందరికీ చెప్పాడు. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, ముందుకే చూస్తూ, గుసగుసగా మాట్లాడాడు.

"మామా... నీ పిల్లని నేను ఏనాడూ ఏడిపించలేదు మామా..."

దబ్.

"...ఇవాళ తప్ప."

చప్పుడు ఆగింది.

"తప్పయింది. ఇంటికి పోయి చెప్పుకుంటాను. నన్ను ఇల్లు చేరనివ్వు. దానికి ఉన్న బాధ చాలు. నీళ్ళకి రెండో మనిషిని కూడా ఇచ్చుకుంటే అది బతకదు."

రేవు వచ్చేదాకా అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి. మధ్యమధ్యలో కింద నుంచి ఒక దబ్.

రేవులో దీపం పెద్దదైంది. తాత ఉన్నాడు. ఇద్దరు ముగ్గురు జాలర్లు ఉన్నారు. వాళ్ళందరికంటే ముందు, మోకాళ్ళ లోతు నీళ్ళలో, తాత పడవ తాడు విప్పుతూ ఆవిడ ఉంది.

తొమ్మిదేళ్ళుగా సరస్సులో పాదం పెట్టని మనిషి. చీర తడిసి కాళ్ళకి చుట్టుకుపోయింది. తాడు ఒక చేత్తోనే లాగుతోంది, రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది. అతన్ని చూసి తాడు వదిలేసింది. పడవనీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"వచ్చాను" అన్నాడతను.

దబ్.

ఒడ్డున ఉన్నవాళ్ళందరూ విన్నారు. జాలర్లు రెండడుగులు వెనక్కి వేశారు.

"వెంట తెచ్చాడు" అని గొణిగాడొకడు. "కర్రాయన్ని వెంట తెచ్చాడు."

దబ్... దబ్.

లాంతరు తాతకి భయం లేదని కాదు. ఆ వయసులో పరిగెత్తడం కంటే చూడటం తేలిక. దీపం తీసుకుని పడవలోకి దిగాడు. చేపల్ని పక్కకి నెట్టి చెవి ఆనించాడు. వెనక సీటు ముందు, కాళ్ళ కింద పలకకి ఒక మూత ఉంది. దాని బందు ఎప్పుడో ఊడి, పక్కకి జరిగి ఉంది. తాత మూత ఎత్తి, దీపం లోపలికి పెట్టాడు.

తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

"అల్లుడూ, ఇటు రా. మీ మామని చూసుకో."

బోలులో వాలుగ ఉంది. సీటు మీద నుంచి జారి సరస్సులో పడిందనుకున్నది ఈ కంతలో పడింది. తిరగడానికి చోటు చాలక తలతో పలకని పొడుస్తోంది — దబ్.

"మీసాలు మాత్రం అచ్చం ఆయనవే" అన్నాడు తాత.

జాలర్లు పగలబడి నవ్వారు. అల్లుడు చేపల మధ్యనే కూలబడి తనూ నవ్వాడు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. దారంతా చేపకి క్షమాపణ చెప్పుకుంటూ వచ్చాడు మరి.

ఆవిడ మాత్రం నవ్వలేదు.

తాత ఇంకా లోపలికే చూస్తున్నాడు. ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"అవునుగానీ... చేప బతికి ఈదుతోందంటే... ఇందులో ఇన్ని నీళ్ళెక్కడివి?"

దాదాపు మోకాలెత్తు నీళ్ళున్నాయి బోలులో.

ఆవిడ పిడికిలి విప్పింది. అరచేతిలో రబ్బరు బిరడా.

"నేనివ్వలేదు" అంది. "నువ్వెళ్ళాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. లేచి చూస్తే మేకుకి ఇది ఉంది. నా చేత్తో నేనే ఇవ్వలేదు. నాన్ననైతే ఒక్క మాటే అన్నాను... నిన్ను చంపేశాననే అనుకున్నాను."

నవ్వులన్నీ ఆగిపోయాయి. అల్లుడు జేబు తడుముకున్నాడు. జేబులో ఏమీ లేదు.

తాత నెమ్మదిగా అన్నాడు. "జోరుగా పోతున్నంతసేపూ చిల్లిలోంచి నీళ్ళు ఎక్కవు. ఆగితే ఎక్కుతాయి. అక్కడెంతసేపు ఆగావు?"

"వల దించేంతసేపు. తీసేంతసేపు."

"అయితే నువ్వు ఇక్కడ ఉండకూడదు. ఈపాటికి మునిగిపోయి ఉండాలి."

సీసా ఎందుకు వెనక్కి దొర్లిందో, పడవ ఎందుకు ఈడ్చిందో అతనికి అప్పుడు అర్థమైంది. అర్థం కానిది ఒకటే. నీళ్ళు సగంలో ఎందుకు ఆగాయి?

నలుగురూ కలిసి పడవని బండి మీదకి ఎక్కించి ఒడ్డుకి లాగారు. ఒడ్డు మీదకి వచ్చాక చిల్లిలోంచి నీళ్ళు ధార కట్టాలి. ఒక్క చుక్క రాలేదు. తాత వెనక్కి వెళ్ళి, దీపం కిందికి దించాడు.

చిల్లిలో ఏదో దిగ్గొట్టి ఉంది.

కర్ర ముక్క. బయటి వైపు నుంచి కొట్టింది. తాత వేళ్ళతో లాగాడు, రాలేదు. జాలరొకడు రెండు చేతులా పట్టి గుంజాడు, కదల్లేదు. విరిగిన చివర బయటికి ఉంది. ఆ చివర తెల్లగా, పచ్చిగా ఉంది. సాయంత్రం విరిచినట్టుంది.

"చేప పడకముందే..." అన్నాడు అల్లుడు. "చేప పడకముందే కొట్టారు. ఇక్కడే కొట్టారు."

ఆవిడ దీపం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. చిల్లికి బయట బెత్తెడు కూడా లేదు ఆ ముక్క. తడి తుడిచి, బొటనవేలితో తడిమింది. వేలు ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చింది.

పైన రెండు గుంటలు. కింద రెండు.

ఆ నాలుగు గుంటలూ రేవులో చూడనివాడు లేడు.

"షికారు పడవని చేత్తో ముట్టనన్నాడు కదే తల్లీ" అన్నాడు తాత.

ఆవిడ పడవ పక్కకి తల ఆనించి ఏడ్చింది. తొమ్మిదేళ్ళ ఏడుపు. అల్లుడు పక్కన కూర్చుని, తడి చేతుల్ని ఎక్కడ పెట్టాలో తెలియక, చివరికి ఆవిడ వీపు మీద పెట్టాడు. చేపల్ని ఎవరూ పట్టించుకోలేదు.

కాసేపటికి ఆవిడ లేచింది. కళ్ళు తుడుచుకుని, సరస్సు వైపు తిరిగి నిలబడింది. దూరంగా మూడో స్తంభం ఉన్న వైపు చీకటి తప్ప ఏమీ లేదు. పిడికిలి బిగించి, పడవ అంచు మీద కొట్టింది.

మూడుసార్లు.

తాత ఆపుదామని చెయ్యెత్తి, మళ్ళీ దించేశాడు.

అందరూ నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు. జవాబు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు.